ఆరు రోజుల స్లాబు

అధ్యక్షత వహిస్తున్న మా ప్రాజెక్టు మేనేజరు సుబ్రహ్మణ్యం గారికి, వేదిక మీదున్న ఇంజనీర్లు ఆదర్శ్ గారికీ శ్యామ్ గారికీ, తమ హాలును ఈ సాయంత్రం మనకు వదిలిపెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చిన ఉదయశ్రీ గారికి, పుప్పాలగూడ నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నన్ను గుర్తుపట్టనివ్వకుండా చేసిన సెంట్రింగ్ మేస్త్రి లింగమూర్తికి, తాపీ పనివాళ్లకు, వాచ్‌మన్ ఎల్లయ్యకు, పిలవగానే బోరబండ నుంచి వచ్చిన సత్తెమ్మకు, ముందు వరసలో కూర్చుని ఈయన ఏం మాట్లాడతాడోనని కొంగు నలుపుకుంటున్న మా ఆవిడ బాలాత్రిపురసుందరికీ, అందరికీ చలపతిరావు నమస్కారాలు. సుబ్రహ్మణ్యం గారు నాకు పది నిమిషాలు అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరందరికీ టైము చెప్పినవాణ్ణి, ఇవాళ ఒక్కపూట గడియారం చూడకుండా మాట్లాడతాను. లేటయిందని ఎవరైనా రాసుకోదలిస్తే నిక్షేపంగా రాసుకోండి.

(నవ్వులు)

నిజం చెప్పాలంటే చాలా హాయిగా ఉందండీ. పదవీ విరమణ రోజు బాధగా ఉంటుందని, గొంతు పూడుకుపోతుందని మా బావమరిది వెంకటనారాయణ బెదిరించాడు. ఆయన విద్యుత్ శాఖలో రిటైరై ఇప్పటికి మూడేళ్లు, ఇంకా పొద్దున తొమ్మిదింటికి బూట్లు వేసుకుని వరండాలో కూర్చుంటాడు. నాకేమో పొద్దుటి నుంచి ఒంట్లో ఏదో బరువు దిగినట్టుంది. రేపటి నుంచి నాలుగున్నరకు లేవక్కర్లేదు, రెండు బస్సులు మారక్కర్లేదు, వానలో గొడుగు వేసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ల మొహం మీద గేటు వెయ్యక్కర్లేదు. మా ఆవిడైతే ఇవాళ పొద్దున్నే అలారం గడియారం తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. అదేమిటే అంటే, పొరపాటున మోగినా మీకు వినపడదు లెండి అంది.

ఉదయశ్రీ గారి కంపెనీ పిల్లలు కొందరు వెనక నిలబడి వింటున్నారు. టైమ్ కీపర్ అంటే ఏమిటో వాళ్లకు తెలియకపోవచ్చు. మీరు తలుపు దగ్గర కార్డు చూపిస్తే అదే టైము రాసుకుంటుంది. ఆ కార్డు యంత్రం పుట్టకముందు ఆ పని చేసిన యంత్రాన్ని నేను. బిల్డింగు కట్టే చోట గేటు పక్కన ఒక రేకుల గది, అందులో ఒక బల్ల, ఒక గోడ గడియారం, నాలుగు రిజిస్టర్లు. బయట తాడుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని బోల్టుతో కొడితే గంట. ఎనిమిదికి గంట, ఎనిమిదీ అయిదుకు గేటు మూత, ఒంటిగంటకు అన్నం గంట, అయిదింటికి ఇంటి గంట. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ పని ఏ రోజు మొదలైంది, ఏ రోజు అయింది అన్నీ నా చేతి రాతలోనే ఉండాలి. రోజూ పొద్దున రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్ బీప్‌కు నా గడియారం కలిపేవాణ్ణి. ఒక్క నిమిషం తేడా వచ్చినా ఆ పూట నాకు కాఫీ సహించేది కాదు.

అప్పట్లో నా నమ్మకం ఏమిటంటే, లోకంలో టైము ఒక్కటే ఉంది, అది నా గదిలో గోడకు వేలాడుతోంది. మిగతావాళ్ల దగ్గర ఉన్నది టైము కాదు, సాకు. లింగమూర్తిని చూడండి. 'అయిదు నిమిషాల్ల వస్త సార్' అన్నాడంటే ఆ అయిదు నిమిషాల్లో పుప్పాలగూడ వెళ్లి, గేదెలు చూసుకుని, చాయ్ తాగి, పెద్దమనుషుల పంచాయతీ ఒకటి తెంపి రావచ్చు. నవ్వకు లింగమూర్తీ, మీ ఇంట్లో కూడా ఇదే మాటంటారని నాకు తెలుసు. తాపీ వాళ్లకు బీడీ కాల్చేంతసేపు అని ఒక లెక్క. ఆ బీడీ ఎంత పొడుగో మేస్త్రి అక్కడున్నాడా లేడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సిమెంటుకు మళ్లీ ఇంకో లెక్క. నీళ్లు కలిపాక అరగంటలో వాడితే వాడావు, లేకపోతే అది ఎవరి కోసమూ ఆగదు, మేనేజరు గారి కారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా సరే.

ఇక పై అంతస్తులో గోడ మీద నాలుగు గడియారాలున్నాయి. మొన్న ఉదయశ్రీ గారు చూపించారు. ఒకటి న్యూయార్కు, ఒకటి లండను, ఒకటి సింగపూరు, నాలుగోది మనది. మన గడియారమే ఆగిపోయింది. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ గమనించలేదట. (నవ్వులు) వాళ్లు అక్కడ చేస్తున్న పని గురించి కూడా చెప్పారు. వెనకటి కంప్యూటర్లలో సంవత్సరాన్ని నాలుగంకెలు వెయ్యకుండా రెండంకెలతో సరిపెట్టారట. ఆర్నెల్లలో రెండువేల సంవత్సరం రాగానే అవి పంతొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయట. దానికోసం ఇన్ని వందల మంది పిల్లలు తిండీ తిప్పలూ మాని పాత రాతలన్నీ వెతికి దిద్దుతున్నారట. ఆవిడ ఇది చెబుతూంటే నాకెంత ఊరటగా అనిపించిందో ఆవిడకు తెలియదు. తేదీ వెయ్యడంలో తప్పు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదన్నమాట అనుకున్నాను.

(సన్మాన పత్రం చేతిలోకి తీసుకుని)

ఈ మాట నోరు జారి అనలేదు. ఇందాక సుబ్రహ్మణ్యం గారు నన్ను పొగుడుతూ, చలపతిరావు ముప్ఫై ఒక్క ఏళ్ల రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ ముక్కే ఈ సన్మాన పత్రంలో రంగు అక్షరాలతో అచ్చువేసి అద్దం కట్టించి ఇచ్చారు. అది పట్టుకుని ఇంటికి వెళ్లిపోతే నేను రేపటి నుంచి హాయిగా పడుకోగలను అనుకున్నాను గానీ, పడుకోలేను. కాబట్టి పెద్దలు నన్ను మన్నించాలి. వీడ్కోలు సభలో చెప్పే మాట కాదిది. కానీ ఇంతమంది ఒకచోట ఉండగా చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను? ఆ దిద్దుబాటు ఒకటి ఉందండీ. బ్లేడుతో గీకి దిద్దాను. మీరిప్పుడు కూర్చున్న ఈ హాలు నెత్తి మీదున్న స్లాబు గురించే అది.

పైకి చూడకండి. ఏం కాదు. ఇప్పుడది ఏనుగులు ఎక్కి తొక్కినా కదలదు. ఆదర్శ్ గారు తల ఊపుతున్నారు చూడండి.

(నవ్వులు)

స్లాబుకు ముహూర్తం పెట్టడం మనకు అలవాటు. పోయిన సంవత్సరం ఫిబ్రవరి అయిదో తేదీ, గురువారం, పొద్దున ఆరూ నలభై రెండుకు రెండో స్లాబు ముహూర్తమని బిల్డింగు ఓనర్ల సిద్ధాంతి గారు చెప్పారు. అప్పటికి ఇనుము కట్టడం సగమే అయింది, మిగతా ఇనుము లోడు రాలేదు. అయితేనేం, ముహూర్తం లోడు కోసం ఆగుతుందా? ఈశాన్యం మూల బీములో నాలుగు తట్టల కాంక్రీటు మాలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు, అందరికీ లడ్డూలు పంచారు. నేను పక్కనే నిలబడి గడియారం చూసి, సరిగ్గా ఆరూ నలభై రెండు అని రిజిస్టరులో 'రెండో స్లాబు మొదలు' అని రాశాను. ముప్ఫై ఏళ్లుగా ముహూర్తానికే మొదలని రాయడం నా పద్ధతి. ఆ ముహూర్తపు నాలుగు తట్టలు వేరు, స్లాబు పోయడం వేరు అని నాకు తెలియక కాదు. ఎక్కువసార్లు రెండూ ఒక్కరోజే అయిపోతాయి కాబట్టి చెయ్యి అలా అలవాటు పడింది.

ఆ మధ్యాహ్నమే నేను కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వెళ్లాను. పన్నెండు రోజులు. నా కుర్చీలో స్టోరు గుమాస్తా రాజయ్య కూర్చున్నాడు. పదిహేడో తేదీన నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చి, నిచ్చెనెక్కి చూస్తే స్లాబు పోసేసి ఉంది, దాని మీద మట్టితో మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టి ఉన్నాయి. నా రిజిస్టరులో 'మొదలు' గడి నిండి ఉంది, 'పూర్తి' గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి అంటే నాకు పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది. ఎవరినీ అడగలేదు. అడిగితే టైమ్ కీపర్ ఎలా అవుతాను? మొదలు తేదీనే పూర్తి గడిలోనూ వేసి పక్కన సంతకం పెట్టాను. ఆపరేషను కంటికి జరిగింది, బుద్ధి కూడా పన్నెండు రోజులు సెలవులో ఉన్నట్టుంది.

అసలు జరిగిందేమిటంటే, ఇనుము లోడు వారం దాటాక వచ్చింది. స్లాబు పోసింది పదమూడో తేదీ, శుక్రవారం. స్లాబు పోసే ముఠా ఒక్కరోజు మిక్సరుతో వచ్చి పోసి వెళ్లిపోయింది. దగ్గరుండి పోయించిన ఆదర్శ్ గారు మర్నాడే చెల్లెలి పెళ్లికి ఊరెళ్లారు. ఆయన స్థానంలో శ్యామ్ గారు వేరే సైటు నుంచి పదహారున వచ్చారు. సెంట్రింగ్ కట్టిన లింగమూర్తి ముహూర్తం లడ్డూ తిని కొండాపూర్‌లో ఇంకో పనికి వెళ్లాడు. ఇక ఆ స్లాబుతో రోజూ పని ఉన్నది ఎవరికయ్యా అంటే, అది గట్టిపడటానికి పొద్దునా సాయంత్రం దాని మీద నీళ్లు పోసే సత్తెమ్మకు, ఆమె ముఠాలోని పదకొండు మంది ఆడవాళ్లకు.

పంతొమ్మిదో తేదీ శ్యామ్ గారు నా గదికి వచ్చి, రెండో స్లాబు పోసి ఎన్ని రోజులైంది అని అడిగారు. నేను రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించి, పద్నాలుగు రోజులండీ అన్నాను. ఆయన ఇంకేం చూస్తారు? చలపతిరావు రాత అంటే రాతే. పద్నాలుగు రోజులైతే సెంట్రింగ్, అంటే స్లాబును కింద నుంచి మోసే పలకలూ జాకీలూ, విప్పవచ్చు అని మన సైటులో రూలు. లింగమూర్తికి కబురు వెళ్లింది, మనుషులతో వచ్చాడు. స్లాబు వయసు అప్పటికి ఆరు రోజులు. ఆరు రోజుల స్లాబు కింద నుంచి జాకీలన్నీ తీస్తే ఏమవుతుందో ఇంజనీర్లు ఇక్కడ నలుగురున్నారు, వాళ్లను అడగండి. మొత్తం కిందికి వచ్చేస్తుందని వాళ్లే చెబుతారు. అప్పుడు పదకొండున్నర. ఇంకో గంటన్నరలో నేను గంట కొడితే, నీడ ఉందని డెబ్బై ఎనభై మంది వచ్చి అన్నం తినేది ఈ హాల్లోనే.

రెండు జాకీలు తీశారట. మూడోదాని మీద సుత్తి పడగానే సత్తెమ్మ పైనుంచి దిగివచ్చింది. ఏం జేస్తున్నరని అడిగింది. సెంట్రింగ్ ఇప్పుతున్నమని లింగమూర్తి చెప్పాడు. అప్పుడే వద్దంది. పద్నాలుగు దినాలైందట గదా అన్నాడు. ఆమె తట్ట పక్కన పెట్టి, వచ్చి ఆ మూడో జాకీని ఆనుకుని కింద కూర్చుంది. 'ఇగో, ఈడ కూసున్న. ఇప్పితే నా నెత్తి మీదికెల్లే ఇప్పుండ్రి' అంది. ఆమె వెనకే ముగ్గురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. లింగమూర్తి సుత్తి కింద పెట్టాడు. ఆ మనిషి ఎవరి మాటా వినడు గానీ సత్తెమ్మక్కంటే భయం.

పని ఆగిందని నాకు కబురొస్తే నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాను. ఎంత ధీమాగా వచ్చానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. అందరి ముందూ ఆ పేజీ తెరిచి గట్టిగా చదివాను, అయిదో తేదీ మొదలు, అయిదో తేదీ పూర్తి అని. సత్తెమ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

'నీ బుక్కుల పద్నాలుగున్నయేమో నాకెర్క లేదు సారూ. నేనైతే ఆరు పొద్దులే నీళ్లు పోసిన. గా మెట్ల కాడ సూడు.'

మెట్ల దగ్గర గోడ మీద సున్నంతో పెట్టిన బొట్లున్నాయి. నీళ్లు పోయడం మొదలుపెట్టిన ప్రతి పొద్దునా వేలితో ఒక బొట్టు. ఆరు. నేను నవ్వాను. నిజంగానే నవ్వానండీ, అక్కడున్నవాళ్లలో సగం మంది ఇక్కడున్నారు, వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బొట్లతో లెక్కేమిటి, ఒకరోజు పెడతావు, ఒకరోజు మరిచిపోతావు, గవర్నమెంటు రేడియో టైముతో నడిచే రిజిస్టరుకు పోటీ పెడతావా అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇదే. ఆమె లెక్క తప్పని నిరూపిస్తానని, రాజయ్య రాసిన గేటు పుస్తకం తెస్తానని గదికి వెళ్లాను.

గేటు పుస్తకంలో పదమూడో తేదీ కింద రాజయ్య కోడిగీతల్లో ఉంది. మిక్సరు లోపలికి, పొద్దున ఏడింటికి. స్లాబు ముఠా నలభై ఇద్దరు. మిక్సరు బయటికి, సాయంత్రం ఆరింటికి. ఆ లైను మూడుసార్లు చదివాను. కంటికి కొత్తగా ఆపరేషన్ అయింది కదా, సరిగా కనబడటం లేదేమో అనుకుని అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. పుస్తకం మూసేశాను. నీళ్లు పోసింది ఆమె, రాసింది నేను. ఆ స్లాబు మీద గడిచిన రోజులు ఆమె చేతుల మీదుగా గడిచాయి. నా దగ్గరున్నది అంకె మాత్రమే, అదీ తప్పు అంకె.

ఇక్కడిదాకా నాది పొరపాటు. పొరపాటుకు ఎవరైనా క్షమిస్తారు. తర్వాత చేసింది పొరపాటు కాదు.

(మంచినీళ్లు తాగి)

గదిలోంచి వచ్చి, సత్తెమ్మ చెప్పింది నిజం, నేను తప్పు రాశాను అని ఉంటే ఆ రోజే అయిపోయేది. నాకు నోరు రాలేదు. శ్యామ్ గారిని పక్కకు పిలిచి, ఎందుకైనా మంచిది, ఆదర్శ్ గారు వచ్చేదాకా ఆగుదామండీ అన్నాను. ఆయన కొత్త, సరేనన్నారు. తీసిన రెండు జాకీలు మళ్లీ బిగించారు. అందరూ వెళ్లాక 'పూర్తి' గడిలోని ఆ అయిదును బ్లేడుతో గీకి పదమూడు చేశాను. మర్నాడు మేనేజరు గారు, పని ఎందుకు ఆగింది అని కాగితం అడిగారు. నేను రాసి ఇచ్చాను. 'లేబరు సత్తెమ్మ గొడవ చేసి పని ఆపించినందువల్ల' అని రాశాను. ఆ ముక్క మీద సుబ్రహ్మణ్యం గారు ఆమెను పనిలోంచి తీసేయమన్నారు. ఆయన తప్పేమీ లేదు, నా రాత చూసి చేశారు. ఎనిమిదేళ్లుగా ముఠాకు పెద్దగా ఉన్న మనిషి. పొద్దున తన పదకొండు మందిని వెంటబెట్టుకుని గేటు దగ్గరకు వస్తే, వాళ్లందరినీ లోపలికి పంపి, ఆమె ఒక్కర్తినీ నేనే ఆపాను. ఏంది సారూ అని అడిగింది. పైనుంచి ఆర్డరు అన్నాను. తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కొండాపూర్‌లో ఇంకెవరి ముఠాలోనో తట్ట మోస్తోందని లింగమూర్తి చెబితే తెలిసింది. సైటులో గొడవలు పెట్టే మనిషని పేరు పడింది కాబట్టి ముఠా పెద్దగా ఆమెను ఎక్కడా పెట్టుకోలేదట. ఆ పేరు పెట్టింది నేను.

ఆ తర్వాత ఏడాది పైన ఇదే బిల్డింగులో పనిచేశాను. ఈ హాల్లోకి మాత్రం రాలేదు. రావలసి వస్తే పక్క మెట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. మా ఆవిడకు పోయిన నెల చెప్పాను. ఆవిడ వంట ఆపి మొత్తం విని, 'ఇది నాకు చెబితే ఏం లాభమండీ? చెప్పాల్సినవాళ్లకు చెప్పండి' అంది. అంతే, మళ్లీ ఆ మాటెత్తలేదు. ఎత్తకపోవడమే కష్టంగా ఉంది. అందుకని మొన్న ఆదివారం బోరబండ వెళ్లి సత్తెమ్మను సభకు పిలిచాను. నేనెందుకు సారూ, గక్కడ నాకేం పని అంది. పని ఉంది రమ్మన్నాను. ఎందుకో అప్పుడూ చెప్పలేకపోయాను.

సత్తెమ్మా, నువ్వు చెప్పిందే నిజం. ఆరు రోజులే. నేను తప్పు రాసి, తప్పు దాచి, ఆ తప్పు నీ నెత్తిన రుద్దాను. ఇంతమంది ముందు ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు.

శ్యామ్ గారూ, మీకిది ఇప్పుడే తెలుస్తోంది. మీ చేత ఎంత పని చేయించబోయానో, మీరు నన్ను రెండు తిట్టినా పడతాను. సుబ్రహ్మణ్యం గారూ, ఈ సన్మాన పత్రం మీ బల్ల మీదే పెడుతున్నాను. ఇందులో మూడో లైను అబద్ధం. పక్క బ్లాకు పునాదులు వచ్చే నెల మొదలవుతున్నాయి కదా, అక్కడ ముఠా పెద్దగా సత్తెమ్మను పెట్టుకోవాలని నా మనవి. నాకు చేసిన మర్యాద చాలు, ఇది ఒక్కటి చేయండి. (సుబ్రహ్మణ్యం గారు లేచి ఏదో అంటారు) పెట్టుకుంటామంటున్నారు. వచ్చే సోమవారం నుంచే రమ్మంటున్నారు. చాలా సంతోషమండీ. ఇంకో మాట కూడా అన్నారు, ఆ రోజు కాగితం అడిగాను గానీ మనిషిని పిలిచి అడగలేదు, అది నా తప్పేనని. పెద్ద మనసు.

అబ్బ. చెప్పేశానండీ. ఏడాదిన్నర నుంచి గొంతుకు అడ్డం పడ్డది దిగింది. ఎవరి మీదా ఏదీ పడలేదు, డెబ్బై ఎనభై మందీ ఆ రోజు అన్నం తిని చేతులు కడుక్కుని మళ్లీ పనిలోకి వెళ్లారు. అదే పదివేలు. ముప్ఫై ఒక్క ఏళ్లు నాకు అన్నం పెట్టిన కంపెనీకి, నా గంట భరించిన మీ అందరికీ, నాకంటే ముందు లేచి కాఫీ కలిపిన మా ఆవిడకు రుణపడి ఉంటాను. అందరికీ నా కృతజ్ఞతలు. ఇక...

(వెనక నుంచి సత్తెమ్మ లేచి ఏదో అంటుంది)

ఏమిటి సత్తెమ్మా? గట్టిగా చెప్పు, ఇక్కడికి వినపడటం లేదు.

'నోటితోని అంటే గాలికి పోతది సారూ. గా బుక్కులనే రాసినవ్ గద. గా బుక్కులనే రాయి.'

(నవ్వులు)

నవ్వకండి. ఆమె అడిగింది న్యాయం. నా తర్వాత వచ్చేవాళ్లకు అప్పగించడానికి రిజిస్టర్లన్నీ ఇక్కడే బల్ల మీద ఉన్నాయి. ఎల్లయ్యా, ఆ ఎర్ర అట్టది ఇలా అందుకో. ఒక్క నిమిషం అందరూ ఓపిక పట్టండి.

(రాస్తారు. సభ ఎదురుచూస్తుంది)

రాశాను. చదువుతాను. 'తేది 30-6-1999. రెండో స్లాబు పోసినది 13-2-1998. దీన్ని 5-2-1998 అని తప్పు రాసినది, బ్లేడుతో గీకి దిద్దినది నేనే. 19-2-1998 నాడు స్లాబుకు ఆరు రోజులేనని సత్తెమ్మ చెప్పినది నిజం. సత్తెమ్మను గేటు దగ్గర ఆపినది నా తప్పు కప్పుకోవడానికి. ఇట్లు, చలపతిరావు, టైమ్ కీపర్.' సుబ్రహ్మణ్యం గారూ, కింద మీరు కూడా ఒక సంతకం పెట్టండి. పెట్టారు.

అయిందా సత్తెమ్మా? ఏమిటి? లింగమూర్తిని చదవమంటావా? నేను చదివింది నమ్మవా? సరే, సరే. నమ్మకపోవడమే మంచిది. లింగమూర్తీ, రావయ్యా, నువ్వే చూసి చెప్పు.

(లింగమూర్తి వేదిక ఎక్కి, రిజిస్టరు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు)

'గట్లనే రాసిండు అక్కా.'

'నా పేరు రాసిండా?'

'రాసిండు. రెండుసార్లు రాసిండు.'

మంచిది. అయితే ఇక నాకు సెలవు ఇప్పించండి.